కుర్చీల బండి

పన్నెండు మంది కలిసి పరాయి దేశం వెళ్లాలని అనుకోవడానికి ఆ ఇంటికి ఒక్క పూట పట్టింది. అక్కడ దిగాక ఏ బండి ఎక్కాలో తేల్చుకోవడానికి మాత్రం నెల దాటినా చేతకాలేదు.

టిక్కెట్లు కొన్నారు. వీసాలు వచ్చాయి. హోటల్లో ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో, ఎవరి గురక ఎవరు భరించాలో కూడా కొట్టుకుని మరీ తేల్చుకున్నారు. అద్దె బండి దగ్గరికి వచ్చేసరికి అంతా ఆగిపోయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దొదిన మరిది ఇంటి హాల్లో సభ. మరిది కంప్యూటరు ఉద్యోగి. ఏ సంగతైనా గోడమీది టీవీలో పెట్టి నలుగురికీ చూపిస్తే తప్ప అది నిజమని ఆయన నమ్మడు. అందుకని వారం వారం అద్దె బండ్ల ఫోటోలు వరసగా గోడెక్కేవి. ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, తలుపులు బార్లా తెరిచి ఒకటి.

పుర్రెకో బుద్ధి అని ఊరికే అనలేదు. తెల్ల బండి చూస్తే ఆడపడుచుకి అంబులెన్సు గుర్తొచ్చింది. నల్లదైతే లోపల ఉడికిపోతామని ఆవిడ మొగుడు. అత్తగారికి మెట్టు ఎత్తుగా ఉండకూడదు, కిటికీ తెరుచుకోవాలి, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది, ముందు కూర్చుంటే గుండె దడ. పిల్లలకి ఫోనుకి ఛార్జింగు పెట్టుకునే చోటు ఉంటే చాలు, బండికి చక్రాలు లేకపోయినా వాళ్లకి అభ్యంతరం లేదు.

చివరికి రెండు దారులు మిగిలాయి. ఒక వ్యానూ దానికి తోడు ఒక చిన్న కారూ అద్దెకి తీసుకుని మనమే నడుపుకోవడం ఒకటి. అందరూ పట్టే పెద్ద బండి డ్రైవరుతో సహా మాట్లాడుకోవడం రెండోది. మొదటిదానికే అందరి ఓటు. కారు మరిది నడుపుతాడు. వ్యాను ఎవరు నడుపుతారని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో అది అడిగే ప్రశ్న కాదు. బండి ఏదైనా స్టీరింగు పెద్దన్నయ్యదే. ఆయన పక్క సీటు పెద్దొదినదే.

ఆ పెద్దొదినకే ఇంట్లో రేడియో అని పేరు. పిల్లలైతే చాటుగా అంటారు, అంటే చాటుగా అంటున్నామని వాళ్లనుకుంటారు. బండి కదిలిందంటే ఆవిడ నోరు మూతపడదు. "అదిగో ఎడమ పక్కన సైకిలాయన, పాపం ఎంత మూట వేసుకున్నాడో! ముందు లారీకి ఒక లైటే వెలుగుతోంది చూశారా? ఆ మలుపులో గొడుగావిడ దాటనా వద్దా అని ఊగుతోంది. ఎవరండీ ఇక్కడ ఇసక పోసింది, సగం రోడ్డు తినేశారు." ఇలా బయల్దేరిన గుమ్మం నుంచి దిగే గుమ్మం దాకా. వెనక సీట్లోవాళ్లు పాటలు పెట్టమని మొత్తుకున్నా ఆగదు. "మా వదిన నోట్లో నువ్వుగింజ నానదు" అని ఆడపడుచు పదిమందిలోనూ అనేది. వదిన నవ్వేది.

వింత ఏమిటంటే, ఆవిడ పనిచేసే చోట ఆవిడ గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు తక్కువ. కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం. రోజంతా తల ఊపడం, వేలెత్తి బీరువా చూపించడం, ముద్ర కొట్టడం. ఏదైనా ఊరికి వెళ్లొచ్చిన మర్నాడైతే అదీ ఉండదు, రాయిలా కూర్చుంటుంది. దవడలు నొప్పి. కళ్లు మంట. ఎవరైనా పలకరిస్తే ఏడుపొస్తుంది.

ఎందుకంటే నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషి రెండేళ్లుగా ఒక కొండని నోట్లో దాచుకుని తిరుగుతోంది.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం, ఏదో పెళ్లి నుంచి మొగుడూ పెళ్లాం ఇద్దరే వస్తున్నారు. మసక వెలుతురు. ఎడమవైపు నుంచి ఒకాయన తోపుడుబండి తోసుకుంటూ నిమ్మళంగా రోడ్డెక్కాడు. కనపడకపోవడానికి అదేమన్నా చీమా? బండెడు బుట్టలు. వదిన కెవ్వుమంటే పెద్దన్నయ్య బ్రేకు తొక్కాడు. తోపుడుబండాయన నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లిపోయాడు. పెద్దన్నయ్య బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "నాకు కనపడలేదు" అన్నాడు.

కళ్ల డాక్టరు నీటికాసులు అన్నాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది, పక్కచూపే కొద్దికొద్దిగా తరిగిపోతోంది, ఎడమ వైపు ఇప్పటికే చాలా పోయింది, పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలంటే చుక్కలు మానకూడదు, బండి నడపడం మాత్రం తగ్గించుకోవాలి అన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆయన వదిన చేత మాట తీసుకున్నాడు, ఎవరికీ చెప్పనని.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. తండ్రి పోయేనాటికి తమ్ముడూ చెల్లెలూ చిన్నపిల్లలు. చదువు మానేసి సామాన్లు చేరవేసే వ్యాను నడిపాడాయన. ఆ స్టీరింగు మీదే తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి, ఇప్పుడున్న ఇనప సామాన్ల కొట్టు. తర్వాత సొంత బండి కొన్నాక కూడా ఇంటిల్లిపాదినీ తనే ఎక్కించుకుని తిప్పితే తప్ప తోచేది కాదు. అలాంటివాణ్ణి పక్కకి జరిగి కూర్చో అనడానికి వదినకి నోరు రాలేదు. కొట్లో తన కుర్చీని ఆయన ఎడమ గోడకి ఆనించి వేయించుకున్నాడు, ఆ వైపు నుంచి మనిషన్నవాడు రాకుండా. గాలి బాగా వస్తోందని చెప్పాడు పనివాళ్లకి. వదిన అది చూసి వచ్చి, వంటింట్లో కాసేపు ఊరికే నిలబడింది.

అప్పట్నుంచి ఎడమ పక్కన కూర్చుని, ఆయనకి కనపడనిదంతా కబుర్లు చేసి చెప్పడం మొదలుపెట్టింది. హెచ్చరికలా చెప్తే వెనకవాళ్లకి అనుమానం వస్తుంది. ఆయనకీ మనసు కష్టం. అందుకని జాలీ, వేళాకోళం, ఊసుపోక వాగుడూ కలిపి చెప్పేది. చీకటి పడితే ఏదో ఒక వంక పెట్టి బయల్దేరనిచ్చేది కాదు. తప్పు చేస్తున్నానని తెలుసు. వెనక సీట్లో పసిపిల్లలు ఉంటారని తెలుసు. మానేద్దామన్న ప్రతిసారీ ఆయన మొహం గుర్తొచ్చి, ఈ ఒక్కసారికీ అనుకునేది.

అలాంటి వదిన గుండెల్లో ఒక ఆదివారం రాయి పడింది. మరిది వ్యాను లోపలి ఫోటో టీవీలో పెట్టాడు. మెత్తటి సీట్లు, పెద్ద అద్దం. స్టీరింగు ఎడమ పక్కన ఉంది.

"అక్కడంతా ఇంతే వదినా" అన్నాడు మరిది, "రోడ్డుకి కుడిపక్కన పోవాలి. అన్నయ్యకి ఒక గంటలో అలవాటైపోతుంది."

వదిన మనసులో ఆ సీట్లో ఆయన్ని కూర్చోబెట్టి చూసింది. పక్కన తను. తను ఆయన కుడివైపుకి వచ్చేసింది. ఎడమవైపు కిటికీ, కిటికీ అవతల తెలియని దేశం.

"డ్రైవరున్న పెద్ద బండే తీసుకుందాం" అంది ఠక్కున.

హాలంతా ఇటు తిరిగింది.

"అన్నయ్య ఉండగా డ్రైవరెందుకు వదినా?" అంది ఆడపడుచు. "మన మధ్య ఒక పరాయివాణ్ణి కూర్చోబెట్టుకుంటే నోరారా దెబ్బలాడుకోడానికి కూడా ఉండదు."

"వాడు రమ్మన్న టైముకి లేవాలి, వాడు ఆపిన చోటే తినాలి" అన్నాడు మరిది. "మనం వెళ్లేది సరదాకి వదినా, పరేడుకి కాదు."

"రేడియోకి కొత్త మనిషి కావాలేమో. పాతాయన వినీ వినీ చెవులు పోగొట్టుకున్నాడు కదా" అన్నాడు ఆడపడుచు మొగుడు. అందరూ నవ్వారు. పెద్దన్నయ్య కూడా నవ్వాడు, కానీ వదిన వైపు చూడలేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి చేరాక, చుక్కలు వేసే వేళ అయింది. ఆయన భోజనాల బల్ల దగ్గర కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. వదిన కింది రెప్ప లాగి ఒక చుక్క వేసి, ముక్కు పక్కన కంటి మూల వేలితో అదిమి పట్టుకుంది. అలా కాసేపు పట్టుకోవాలి. వాళ్లిద్దరూ మనసులో మాట మాట్లాడుకునేది ఈ కాసేపట్లోనే. ఆయన కళ్లు మూసుకుని ఉంటాడు కాబట్టి ఇద్దరికీ సులువు.

"అక్కడ నేను మీ కుడి పక్కన కూర్చుంటాను" అంది.

"ఎటు కూర్చుంటే ఏం? నీ గొంతు వినపడుతుందిగా."

"గొంతు వినపడుతుంది. చెప్పడానికి నాకేం కనపడుతుంది? మీ ఎడమ పక్కన ఏముందో చూడాలంటే మీ తల అడ్డం. మీకు కనపడదు, నాకు కనపడదు. ఇంక ఆ బండి ఎవరు చూసి నడుపుతున్నట్టు?"

"నాలుగు రోజులేగా. పెద్ద రోడ్లట. అందరూ పద్ధతిగా నడుపుతారట."

"వాళ్లు పద్ధతిగానే నడుపుతారు. మన సంగతి చెప్పండి."

"నడపనంటే ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పను?"

"ఉన్నదే చెప్పండి."

"చెప్తే రేపట్నుంచి నాకు సైకిలు కూడా ఇవ్వరు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. నా తమ్ముడు నన్ను ఎక్కించుకుని తిప్పుతాడు." మూసిన కంటి నుంచి చుక్కో, కన్నీరో చెంప మీదికి జారింది. "నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చాను" అంది వదిన. సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టింది. మాట తప్పితే మొగుడు చిన్నబోతాడు. తప్పకపోతే పదిమంది ప్రాణాలు. కక్కలేదు, మింగలేదు. ఫ్రిజ్ తలుపుకి నుదురు ఆనించి, 'దేవుడా, నాకు ఓపిక అయిపోయింది' అనుకుంది. అది మొరా కాదు, ప్రార్థనా కాదు. ఉన్న మాట.

తర్వాతి ఆదివారం అత్తగారు పట్టుబట్టింది. "ఫోటోల్లో అన్నీ విశాలంగానే ఉంటాయి. కూర్చుని చూడకుండా బండి ఎలా మాట్లాడతార్రా?"

ఆ ఇంట్లో అదొక అలవాటు. ఏ వస్తువైనా వచ్చేముందు ఇంట్లో ఆడి చూడాలి. ఫ్రిజ్ కొనేముందు ఆ మూలలో అట్టపెట్టె ఒకటి నిలబెట్టి, అందరూ దాని చుట్టూ ఒద్దికగా తిరిగారు. మంచం కొనేముందు నేలమీద సుద్దముక్కతో గీసుకుని, గీతల మధ్య పడుకుని చూశారు. ఎవరు విన్నా నవ్వుతారు. కానీ ఆ ఇంట్లో కొన్న వస్తువు పట్టలేదన్న మాట ఇంతవరకూ లేదు.

కాబట్టి వ్యాను కూడా హాల్లోకి వచ్చింది. మరిది టీవీలో సీట్ల బొమ్మ పెట్టి, టేపుతో కొలిచి, భోజనాల కుర్చీలూ ప్లాస్టిక్ కుర్చీలూ వరసలు కట్టించాడు. డిక్కీ చోట నిజం సూట్‌కేసులే పేర్చాడు. ముందు వరసలో రెండు కుర్చీలు. ఎడమ కుర్చీలో పెద్దన్నయ్యని కూర్చోబెట్టి చేతికి ఒక పెద్ద స్టీలు పళ్లెం ఇచ్చాడు. కుడి కుర్చీలో వదిన.

ఇక చూడాలి సందడి. అత్తగారు మధ్య వరసలో కాళ్లు చాపి చూసుకుంది. "ఈ మోకాలు ఎక్కడ పెట్టుకోనురా?" అని ఒకటే గోల. ఆడపడుచు మొగుడు సూట్‌కేసుల పక్కన ఇరుక్కుని, నేనూ సామానేనా అన్నాడు. తోటికోడలు పిల్లల్ని అటొకణ్ణీ ఇటొకణ్ణీ సర్ది, ఇద్దరి మధ్యా తను కూర్చుని, అమ్మయ్య అంది. మరిది పక్కన నిలబడి, "రైట్, బండి కదిలింది" అన్నాడు. అందరూ ముందుకి ఊగారు.

ఆయన పళ్లెం తిప్పుతూ నోటితో గేర్ల మోత చేశాడు. సరదా మనిషే. మలుపని చెప్తే పళ్లెంతోపాటు ఒళ్లంతా వంచేవాడు. వెనకాల అందరూ అటే ఒరిగేవారు. పిల్లలు కేకలు. "రేడియో పెట్టండి" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

వదిన నోరు తెరిచింది. "కుడి పక్కన సోఫా, దానిమీద ఎవరో తువ్వాలు ఆరేశారు. ఎదురుగా టీవీ, దుమ్ము తుడిచి ఎన్నాళ్లయిందో" అంది. అందరూ విరగబడి నవ్వారు. అప్పుడు తల తిప్పి ఆయన అవతలికి చూడబోయింది. ఆయన చెవి, చెంప, భుజం కనపడ్డాయి. మెడ సాచి ముందుకి వంగితే తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇంట్లో కుర్చీల మీదే ఇలా ఉంటే అనుకుంది.

అదే సమయానికి వంటింట్లోంచి ఆడపడుచు అన్నకి కాఫీ గ్లాసు తెచ్చింది. పిల్లలు పెదాల మీద వేళ్లు పెట్టుకుని, మాట్లాడొద్దు మాట్లాడొద్దు అని సైగ చేశారు. ఆవిడకీ సరదా పుట్టింది. టోలుగేటు దగ్గర మనిషిలా ఎడమ పక్కన వచ్చి నిలబడి, ఒక చెయ్యి చాపి, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ చూస్తోంది.

వదిన ముందుకి వంగి చూసింది. చాపిన చెయ్యి ఆయన చెవికి జానెడు దూరంలో ఉంది.

ఆయన పళ్లెం తిప్పుకుంటూ పోతున్నాడు.

అన్నయ్య నాటకమాడుతున్నాడనుకుని ముందు అందరూ నవ్వారు. ఆడపడుచు వేళ్లు ఆడించింది. ఆయన ఎదురుగా టీవీ వైపు చూస్తూ, "ఇంకెంత దూరంరా చిన్నాడా?" అన్నాడు. ఆడపడుచు నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. వెనక వరసలో మొదట పిల్లలు ఆగారు, తర్వాత పెద్దవాళ్లు.

వదిన నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఎప్పుడూ వచ్చే మాటే. 'ఎడమ పక్కన టోలుగేటండోయ్, కాఫీ కూడా ఇస్తున్నారు.' ఒక్కసారి నవ్వించేస్తే ఈ పూట గడిచిపోతుంది. రెండేళ్లుగా ఎన్ని పూటలు అలా గడిపిందో. ఆయన మోచెయ్యి పైకి లేస్తోంది, ఎడమవైపు తిప్పబోతున్నాడు. ఇంకా టైముంది. ఒక్క ముక్క చాలు.

వదిన నోరు మూసుకుంది.

మోచెయ్యి గ్లాసుకి తగిలింది. కాఫీ ఆయన చొక్కామీదా ఆడపడుచు కాళ్లమీదా పడింది. గ్లాసు గచ్చుమీద దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. ఆయన ఉలిక్కిపడి ఎడమవైపుకి పూర్తిగా తిరిగాడు. చెల్లెల్ని చూశాడు.

"నువ్వెప్పుడొచ్చావే?"

"ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నాను కదన్నయ్యా" అంది ఆడపడుచు. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

ఆయన మెల్లిగా ఇటు తిరిగి పెళ్లాం మొహం చూశాడు. కోపం లేదు. దారి తప్పినవాడు చూసినట్టు చూశాడు.

"చెప్పలేదేం?" అన్నాడు.

"అలిసిపోయానండీ" అంది వదిన.

ఆ మాట అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. కళ్లు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయన కాసేపు పళ్లెం వైపు చూశాడు. అందులో తన మొహమే కనపడిందో ఏమో, బోర్లించాడు. లేచి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"డ్రైవరున్న బండి చూడరా" అన్నాడు. తర్వాత, కొట్లో సామాను ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. "నాకు ఎడమవైపు కనపడదు. రెండేళ్లయింది. ఇన్నాళ్లూ బండి నడిపింది నేను కాదు. మీ వదిన కూర్చుని నడిపింది."

మరిది పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయనకి ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. సైకిలాయన, ఒంటి లైటు లారీ, గొడుగావిడ. విసుక్కుని చెవుల్లో వైర్లు పెట్టుకున్న రోజులు కూడా గుర్తొచ్చి ఉండాలి. తల దించుకున్నాడు.

ముందు తేరుకున్నది ఆడపడుచు. కాళ్లమీద కాఫీ కూడా తుడుచుకోకుండా వదిన ఎదురుగా వచ్చింది. "మా పిల్లలు కూడా ఆ బండిలోనే ఉన్నారు వదినా. రెండేళ్లూ ఉన్నారు. ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"ఉన్నారు" అంది వదిన. "తప్పే. అనాల్సిందంతా అను, పడతాను. ఉన్నారనే ఒక్క క్షణం నోరు మూయలేదు."

ఆడపడుచుకి నువ్వుగింజ సామెత ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది ముందు అన్నదో లెక్కకి వచ్చినట్టు మొహం ఎర్రబడింది. గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్లి గుడ్డ తెచ్చి, నేలమీద కూర్చుని కాఫీ తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది.

"ఒరేయ్ పెద్దాడా" అంది అత్తగారు మధ్య వరసలోంచి. అందరూ భయపడ్డారు, ఆవిడ ఏడుస్తుందేమోనని. "కనపడనప్పుడు కనపడదని చెప్పాలిరా. మీ నాన్నకి వినపడేది కాదు. బతికినన్నాళ్లూ నేను గొణుగుతానని నన్నే అన్నాడు. మీ వంశమే అంత." అని కళ్లొత్తుకుంది. "అమ్మాయ్, అక్కడెందుకు ఇంకా? లేచి వెనక్కి రా. వెనక గాలి బాగుంటుంది."

హాల్లో గాలి ఎక్కడైనా ఒకటే. అయినా వదిన లేచింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంటి బండిలో ఆవిడ వెనక సీటు ఎరగదు. వరసల మధ్యనుంచి పక్కకి ఒదిగి నడిచి, ఆఖరి వరసలో కిటికీ వైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అందరి తలలూ కనపడుతున్నాయి. ఎవరి తలకి ఏం తగులుతుందో చూడక్కర్లేదు. ఆ సంగతి తెలిసేసరికి ఒళ్లంతా బరువెక్కింది.

ఆయన కూడా వెనక్కి వచ్చాడు. ఆడపడుచు మొగుడు సామాన్ల పక్కనుంచి గబగబా లేచి చోటిచ్చాడు. ఆయన వదిన పక్కన కూర్చున్నాడు. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

"నామీద కోపమా?" అంది వదిన చిన్నగా.

"ఉంది" అన్నాడు ఆయన. చొక్కా దులుపుకుని, "నీ మీద కాదేమోలే" అన్నాడు.

ఇంకేమన్నాడో ఆవిడ వినలేదు. ముందు వరసల్లో మాటలు మెల్లిగా మళ్లీ రాజుకున్నాయి. పెద్ద బండైతే ఎన్ని తలుపులు, డ్రైవరుకి మన మాట ఎలా చెప్పాలి, వాడికి భోజనం మనమే పెట్టాలా. తెల్లదే దొరుకుతుందట. దొరికితే దొరకనీ అంది ఆడపడుచు, అంబులెన్సు మాట ఎత్తలేదు. కళ్ల డాక్టరు పేరేమిటని మరిది అన్నని అడిగాడు, ఈసారి తనూ వస్తానన్నాడు. అన్న వద్దనలేదు.

పొద్దు వాలుతోంది. తోటికోడలు అందరికీ పళ్లేలు పెట్టాలని, ఇక కుర్చీలు తీసి బల్ల చుట్టూ వేయమని పిల్లలకి చెప్పింది. వాళ్లు ఆఖరి వరస దగ్గరికి వచ్చి ఆగిపోయారు. రేడియో నిద్రపోతోంది. బండిలో ఆవిడ నిద్రపోవడం ఈ రెండేళ్లలో వాళ్లు ఎరగరు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తల ఆయన ఎడమ భుజం మీదికి వాలిపోయింది. ఆ పక్కనుంచి ఆవిడ ఆయనకి కనపడదు. బరువు మాత్రం తెలుస్తోంది.

"పెదనాన్నా, కుర్చీలు తీసేయమంది అమ్మ" అన్నాడు మరిది కొడుకు, గుసగుసగా.

ఆయన భుజం కదపకుండా అన్నాడు.

"ఇంకా ఊరు రాలేదురా. పడుకోనివ్వండి."

ఆ పూట అందరూ పళ్లేలు చేత్తో పట్టుకుని, ఎవరి సీట్లో వాళ్లు కూర్చునే తిన్నారు.